సగానికి సగం మరిగిన నీళ్లు

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు పోలీసు స్టేషన్‌లో హవాలాత్ తలుపు తీయించుకుని లోపలికి వెళ్లాను. జానమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె బొటనవేలికి అంటిన సిరా ఇంకా ఆరలేదు. అది చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది.

"దేని మీద పెట్టించిండ్రు వేలిముద్ర?"

"ఎర్క లేదు సారూ. సదివి ఇనిపియ్యలే."

నా వెనకే వచ్చిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దశరథం తాపీగా జవాబు చెప్పాడు. "ఒప్పుకోలు, బాలస్వామీ. ముగ్గురు పసిపిల్లలకు పాలల్ల మందు కలిపి తాపిన అని. రేపు పది గంటలకు మెజిస్ట్రేట్ ముందర నిలబెడుతున్న. నువ్వు ఇగ హైదరాబాద్ బస్సెక్కొచ్చు."

"పోలీసుల ముందు ఒప్పుకుంటే కోర్టులో చెల్లదు. నీకు తెల్వదా?"

"ఊరోళ్ల ముందర చెల్లుతది. ఈమెను ఇప్పుడు బయటికి ఇడిసిపెట్టి చూడు, సాయంత్రం దాక బతకనియ్యరు."

అందులో అబద్ధం లేదు. 1962 ఏప్రిల్ నెల అది. ఏలేటిపాడు అనే ఊరు ఆనకట్ట నీళ్లలో మునుగుతుందని, దాన్ని నందికొండకు పన్నెండు మైళ్ల దూరంలో ఒక దిబ్బ మీదికి తరలించి రెండు నెలలయింది. ఆ కొత్త ఊళ్లో నలభై రోజుల్లో ముగ్గురు శిశువులు ఒళ్లు నీలంగా మారి చనిపోయారు. ముగ్గురూ మూడు నెలల లోపు వాళ్లే. ముగ్గురికీ మిషన్ వాళ్లు పంచే పాలపొడి కలిపి తాగించింది మంత్రసాని జానమ్మే. శవపరీక్షలో పాషాణం లేదు, నల్లమందు లేదు, గన్నేరు లేదు. దశరథం దానికి కూడా ఒక అర్థం తీశాడు. దొరకని మందు పెట్టిందంటే ముదురుది అన్నాడు.

సి.ఐ.డి.లో నేను తెలివైనవాణ్ణని ఒక పేరుంది. ఆ పేరు పెట్టినవాళ్లు ఇప్పుడు ఎదురుపడితే చెంపలు వాయించాలనిపిస్తుంది. ఎందుకంటే నిన్న ఉదయమే నేనొక ఉచ్చు పన్నాను. యాదలక్ష్మి అనే బాలింతకు చలిజ్వరం వచ్చి పాలు ఎండిపోయాయి. నలభై రోజుల పిల్లకు డబ్బా పాలు తప్ప దిక్కు లేదు. నందికొండ నుంచి కొత్త డబ్బా తెప్పించి, దాని మీద నా సీలు వేసి, జవాను మల్లన్నను ఆ ఇంట్లో కూర్చోబెట్టాను. ఊరి బావి నీళ్లు అతడే తోడాలి, అతడి కళ్ల ముందే సగానికి సగం మరగాలి, పగలు మూడు గంటలకోసారి అతడే చూస్తుండగా తాగించాలి. పిల్ల ఆరోగ్యంగా ఉంటే తప్పు జానమ్మ డబ్బాల్లో ఉన్నట్టు, లేకపోతే ఆమె నిర్దోషి. దశరథం కూడా మెచ్చుకున్నాడు. నేను కూడా నన్ను కాస్త మెచ్చుకున్నాను.

ఇప్పుడు జానమ్మ ముందు గొంతుక్కూర్చున్నాను. "పాలు ఎట్ల కలుపుతవో మొదటి నుంచి చెప్పు అవ్వా. ఒక్కటి గూడ ఇడ్సకు."

"ఏమున్నది బిడ్డా. బాయి నీళ్లు తెచ్చి కుండల పోసి పొయ్యి మీద పెడ్త. సగానికి సగం మరగాలె. బాలింతకైన పసిగుడ్డుకైన గవే నీళ్లు. మా అమ్మ గట్లనే చేసింది, మా అవ్వ గట్లనే చేసింది. సల్లారినంక గిలాసకు రెండు చెంచల పొడి. గంతే."

"ఎక్కడ కలుపుతవ్?"

"ఎవరి బిడ్డకు ఆళ్లింట్లనే. తల్లి కండ్ల ముంగట్నే."

"పోయిన పిల్లలు ఎన్ని దినాలు తాగిండ్రు?"

ఆమె వేళ్లు మడిచి లెక్క చెప్పింది. "సత్తమ్మ కొడుకు తొమ్మిది దినాలు. సుగుణమ్మ బిడ్డ పదకొండు. అండాలు కొడుకు ఆరే. ముందుగాల మూతి నల్లవడ్డది, అటెన్క గోర్లు. జరం లేదు, కక్కుడు లేదు. ఉరికొచ్చినోని లెక్క ఊపిరి తీసుడు ఒక్కటే."

"ఇంకేం చూసినవ్?"

"అండాలు కొడుక్కు కంపౌండర్ సూదిచ్చిండు. సూది గుచ్చిన కాడ నెత్తురు ఎర్రగ రాలే సారూ. బెల్లం పాకం తీరు వచ్చింది."

"ఇంటున్నవా?" అన్నాడు దశరథం. "మందు పెట్టకుంటే నెత్తురు గట్లెందుకైతది?"

నేను అతడి వైపు తిరగలేదు. "సత్తమ్మ పెద్దబిడ్డ తమ్ముడి గిలాసల మిగిలిన పాలు రోజూ తాగిందట. మూడేండ్ల పిల్ల. ఆమెకేం కాలేదు?"

"ఏం కాలే. ఇంక కావాలని ఏడ్చేది."

"బిక్షమ్మ బిడ్డ? ఆమె గూడ మూడు నెలల లోపుదే గద?"

జానమ్మ ముఖంలోకి మొదటిసారి ప్రాణం వచ్చింది. "గా పోరికి గూడ గదే డబ్బల పొడి. గుండ్రాయి లెక్క ఉన్నది సారూ!"

దశరథం తొడ చరిచాడు. "ఉండదా మరి? బిక్షమ్మ ఎవరనుకున్నవ్? ఈమె చెల్లెలి బిడ్డ. సొంతోళ్లను ఇడిసి పరాయోళ్లను చంపింది. కేసు ఇంతకన్న సాఫ్‌గ ఉంటదా?"

నేను బిక్షమ్మ ఇల్లు నిన్ననే చూశాను. ఆమె మొగుడు యోహాను కాలువ పనుల దగ్గర నీళ్ల బండి తోలుతాడు. రోజూ రెండు కావళ్ల కృష్ణ నీళ్లు ఇంటికి తెచ్చుకుంటాడు. నిన్న దాన్ని నేను పట్టించుకోలేదు. ఇప్పుడు జానమ్మను చివరి ప్రశ్న అడిగాను.

"పాత ఊళ్ల ఎంతమందికి తాపినవ్?"

"రెండేండ్లల్ల పదకొండు మందికి. ఒక్కరికి తుమ్ము గూడ రాలే."

పొడి మారలేదు, చెయ్యి మారలేదు. మారింది ఊరు, ఊరితో పాటు నీళ్లు. నేను లేచి నిలబడ్డాను.

బయట వరండాలో దశరథం నా దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఒక్క మాట చెప్తా, తప్పుగ అనుకోకు. నీ పేరు బాలస్వామి, ఆమె పేరు జానమ్మ. మీరు మీరు ఒకటి. అందుకే గింత ఆరాటం."

"మా అమ్మ కూడా మంత్రసానే," అన్నాను. "మహబూబ్‌నగర్ జిల్లాల ఒక ఊర్ల పదిహేనేండ్లు అందరి పిల్లలను తన చేతులతోనే పట్టింది. దొర కోడలికి పిల్ల చచ్చి పుడితే ఆమెను గూడ ఇట్లనే గోడకు కూర్చోబెట్టిండ్రు. ఆరాటం అందుకే. నువ్వు రాసుకోవాలంటే రాసుకో."

అతడు రాసుకోలేదు. దారి ఇచ్చాడు.

పదకొండు గంటలకు కొత్త బావి దగ్గరికి చేరాను. దారిలో యాదలక్ష్మి ఇంటి ముందు జీపు ఆపి, మల్లన్న మరగబెట్టిన నీళ్లు ఒక సీసాలో పట్టించుకుని సీలు వేశాను. పిల్ల మూతి కొంచెం మసకగా కనిపించింది. పొయ్యి పొగ అనుకున్నాను.

బావి ముప్పై అడుగుల లోతు. గట్టున రేకు పలక మీద ఎర్ర అక్షరాలు: "ఈ బావి నీరు పరీక్షింపబడినది. యోగ్యము." లోపలి మెట్ల మీద గాలయ్య అనే ముసలి రైతు కూర్చుని కొడవలితో గోడ గీకుతున్నాడు. గోడ మీద నుంచి తెల్లటి పిండి రాలి అతడి గంపలో పడుతోంది.

"ఏంది తాతా అది?"

"ఎరువు సారూ. వంకాయ మడికి."

మెట్లు దిగి గోడను చూశాను. పైనుంచి నిలువెత్తు దాకా బూడిద రంగు మన్ను. అందులో కుండ పెంకులు, పశువుల ఎముకలు, బొగ్గు. ఆ కింద నుంచి రాయి మొదలైంది. తెల్లపిండి అంతా ఆ రెండూ కలిసే చోట పేరుకుని ఉంది.

"గిది పాటి దిబ్బ సారూ," అన్నాడు గాలయ్య. "ఎన్నడో ఊరుండి ఆగమైన జాగ. పేడ, ఉచ్చ, బూడిద, పెంట, వందల ఏండ్లయి అన్ని గిండ్లనే ఇంకినయి. పొలానికి పాటి మన్నును మించిన ఎరువు లేదు. మా తాత కాలంల గీ తెల్లది ఉడికిచ్చి సూరేకారం తీసేటోళ్లు, తుపాకి మందుకు."

అతడు ఒక చిటికెడు తీసి తన బీడీ నిప్పు మీద చల్లాడు. చిటపటమని తెల్లటి మంట లేచింది. నేను వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. చల్లగా, కొంచెం చేదుగా తగిలింది.

"విషమా తాతా ఇది?"

"విషమైతే మేం బతుకుదుమా? నీళ్లు నాలిక మీద జర సల్లగుంటయి, గంతే."

అంతలో పైన మోటారు సైకిలు ఆగింది. దశరథం బావిలోకి వంగి కేకేశాడు. "బాయిల దొంగలున్నరా బాలస్వామీ?"

నేను పైకి వచ్చి పలక చూపించాను. "ఈ పరీక్ష ఎవరు చేసిండ్రు?"

"కాలువ కాంట్రాక్టరుకు సిమెంటు లాబ్ ఉన్నది. ఊరు దించేటప్పుడు అక్కడికే పంపిండ్రు. సర్టిఫికెట్ నా ఫైల్ల ఉన్నది. ఇగో, నేనొకటి అడుగుతా చెప్పు. మూడొందల మంది తాగుతుండ్రు ఈ నీళ్లు. నీళ్లే చంపితే మూడొందల మంది చావాలె గద? ముగ్గురే ఎందుకు సచ్చిండ్రు? గా ముగ్గురు జానమ్మ చేతి పాలు తాగినోళ్లే ఎందుకైండ్రు?"

ఆ ప్రశ్న మొహం మీద కొట్టినట్టు తగిలింది. అయినా ఆ ఎముకలు, ఆ పెంట చూశాక నాకు ఆ నీళ్ల మీద నమ్మకం పోయింది. ఏదో కుళ్లు, ఏదో క్రిమి ఉండి ఉంటుందనుకున్నాను. క్రిమి అయితే మరిగిస్తే చస్తుంది. సగం మరిగిస్తే చావనిది ఇంకా మరిగిస్తే చస్తుంది. ఒక పోలీసువాడి బుర్రకు అంతకు మించి తట్టలేదు.

గాలయ్యను పిలిచి చెప్పాను. "తాతా, యాదలక్ష్మి ఇంటికాడ మల్లన్న ఉన్నడు. నీళ్లు ఇంకా బాగ మరగబెట్టమన్నరని చెప్పు. నాలుగో వంతు మిగిలేదాక."

"ఇప్పుడే పోత సారూ."

గంప కూడా అక్కడే వదిలేసి గబగబా నడిచాడు ముసలాయన. నేను బావి నీళ్లు ఒక సీసాలో పట్టుకుని, యోహాను బండి దగ్గర ఆగి కృష్ణ నీళ్లు ఇంకో సీసాలో పట్టుకుని, పన్నెండూ నలభైకి సిమెంటు లాబ్ చేరాను.

అక్కడి కెమిస్టు లింగస్వామి ముప్పై ఏళ్లు దాటని మనిషి. చొక్కాకు ఆమ్లం పడిన చిల్లులు. రిజిస్టరు తీసి ఫిబ్రవరి పేజీ చూపించాడు. క్లోరైడ్లు, సల్ఫేట్లు, క్షారత్వం, కఠినత్వం. అన్నిటి కిందా "యోగ్యము" అని అతడి సంతకమే ఉంది.

"దేనికి యోగ్యము?" అన్నాను.

"కాంక్రీటు కలపనీకి సార్. మా దగ్గరికి వచ్చే నీళ్లన్ని గందుకే వస్తయి."

"ఇది తాగే బావి."

అతడు రిజిస్టరు వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "మాకు చెప్పలే సార్. సీసా మీద బావి నంబరు ఒక్కటే ఉన్నది. మామూలు ఫారం నింపి పంపిన." రిజిస్టరు మూసి మళ్లీ తెరిచాడు. "ఏమైంది సార్?"

నేను పాటి దిబ్బ సంగతి, బీడీ నిప్పు మీద లేచిన మంట సంగతి చెప్పాను. లింగస్వామి కుర్చీలో నుంచి లేచాడు.

"అది నైట్రేటు సార్. నైట్రేటు మేం చూడం. దానితోని సిమెంటుకు ఏం కాదు."

ఆ పరీక్షకు కావలసిన మందు అక్కడ లేదు. చదువుకునేటప్పుడు చేసిన పద్ధతి గుర్తు తెచ్చుకుని, కూలీల దవాఖాన నుంచి కార్బాలిక్ ఆమ్లం తెప్పించి, దాన్ని గాఢ గంధకామ్లంలో కలిపి వేడినీళ్ల తొట్టిలో పెట్టాడు. రెండు గంటలు కాగాలన్నాడు. ఆ రెండు గంటలు నేను గోడ గడియారం ముందు పచార్లు చేశాను. పన్నెండు గంటల పాలు అయిపోయి ఉంటాయి. మూడు గంటల పాలు అవుతూ ఉంటాయి. నీళ్లు బాగా మరుగుతున్నాయి కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

మూడూ పదికి మందు తయారైంది. స్వేదనజలం ఒకటి, కృష్ణ నీళ్లు ఒకటి, బావి నీళ్లు ఒకటి, మల్లన్న మరగబెట్టిన నీళ్లు ఒకటి. నాలుగు గిన్నెలను ఆవిరి మీద పెట్టి నీరంతా ఇగిరించాడు. అడుగున మిగిలిన పొర మీద ఆ మందు చుక్కలు వేసి, నీళ్లు పోసి, గాజు గొట్టాల్లోకి వంచి, ఆఖరుకు అమ్మోనియా కలిపాడు. మొదటి గొట్టం తెల్లగానే ఉంది. రెండోదానిలో పసుపు ఉందా లేదా అన్నట్టుంది. మూడోది చామంతి రంగు తిరిగింది. నాలుగోదాన్ని చూసి లింగస్వామి "అమ్మో" అన్నాడు.

తెలిసిన కొలతలతో చేసిన గొట్టాల వరస పక్కన పెట్టి, చిక్కగా ఉన్నవాటిని పదింతలు పలచన చేసి, కిటికీ వెలుతురులో పైనుంచి కిందికి చూస్తూ పోల్చాడు. రెండుసార్లు పోల్చాడు. తర్వాత కాగితం మీద రాసి నా ముందుకు జరిపాడు. లీటరుకు మిల్లీగ్రాములు: కృష్ణ నీళ్లు నాలుగు. బావి నీళ్లు మూడు వందల ఎనభై. మరగబెట్టినవి ఏడు వందల నలభై.

"ఎంత వరకు ఫరవాలేదు?"

బీరువా అడుగు నుంచి దుమ్ము పట్టిన పుస్తకం లాగి పేజీలు తిప్పాడు. "పసిపిల్లలకు నలభై అయిదు." అక్కడి నుంచి అతడి వేలు కదలలేదు, పెదవులు మాత్రం కదిలాయి. "పెద్దోళ్లకు ఏం కాదంట సార్. మూడు నెలల లోపు పిల్లల కడుపుల ఇది వేరేగ మారి నెత్తురుల కలుస్తదంట. ఊపిరి మోసే గుణం నెత్తురుకు పోతదంట. నెత్తురు చాకొలెట్ రంగు అయి, మూతి, గోర్లు నీలం..."

బెల్లం పాకం తీరు అంది జానమ్మ. మూడొందల మందిలో ముగ్గురే ఎందుకన్న దశరథం ప్రశ్నకు జవాబు దొరికింది. తల్లిపాలు తాగిన పిల్లలు బతికారు, పెద్దవాళ్లు బతికారు, కృష్ణ నీళ్లు తాగిన బిక్షమ్మ బిడ్డ బతికింది. హంతకుడు లేడు. ఒక మంచి ఎరువు దిబ్బ, ఒక సిమెంటు ఫారం, తరతరాల మంత్రసానితనం. జానమ్మను రేపు ఎవడూ నిలబెట్టలేడు. ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, సంతోషంతో బల్ల గుద్దాను.

"మరగబెడితే ఇది రెట్టింపెట్లయింది?" అని అడిగాను. అడుగుతుండగానే గాలయ్యతో నేను పంపిన మాట గుర్తొచ్చింది.

"నీళ్లే ఆవిరైతయి సార్. ఉప్పు యాడికి పోతది? సగం మరిగితే రెండింతలు. ఇంకా మరిగితే ఇంకా..." అతడు తలెత్తి నన్ను చూసి ఆగిపోయాడు. "ఏమైంది సార్? ఎవరికన్న తాపుతుండ్రా?"

గడియారం అయిదూ ఇరవై రెండు.

"దీనికి మందు?"

"మిథిలీన్ బ్లూ అని నీలి మందు, నరంల సూదియ్యాలంట. నందికొండ దవాఖానల ఉంటదో ఉండదో నాకు తెల్వదు సార్."

దారి పొడవునా గతుకులు, ఎద్దుల బండ్లు. హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా తోలాను. దేవుణ్ణి తలుచుకునే అలవాటు నాకు ఎప్పుడో పోయింది. ఆ సాయంత్రం మా అమ్మను తలుచుకున్నాను. ఆరు గంటల పాలు ఒక్క పది నిమిషాలు ఆలస్యం కావాలి, పొయ్యి ఆరిపోవాలి, కుండ పగలాలి, మల్లన్న బద్ధకంతో కునుకు తీయాలి అని మొక్కుకున్నాను. డిపార్ట్‌మెంటులో అందరికన్నా నమ్మకమైన జవానును ఏరికోరి అక్కడ పెట్టింది నేనే.

ఆరూ పన్నెండుకు జీపు యాదలక్ష్మి గుడిసె ముందు ఆగింది. మల్లన్న లేచి సెల్యూట్ కొట్టి పలక చూపించాడు. నిన్న ఉదయం నుంచి వరసగా గంటలు రాసి, ప్రతిదాని పక్కనా ఒక గీత గీశాడు.

"ఒక్కటి గూడ తప్పలే సార్. ఆరు గంటలది గిప్పుడే ఐపోయింది. పగటాల గాలయ్య తాత వచ్చి చెప్పిన కాడి నుంచి నాలుగో వంతుకే మరగబెడుతున్న."

నేను అతణ్ణి తోసుకుని లోపలికి వెళ్లాను. యాదలక్ష్మి జ్వరంతో వణుకుతూ పిల్లను ఒళ్లో పెట్టుకుని జోకొడుతోంది. పిల్ల మూతి నేరేడు పండు తిన్నట్టుంది. అరచెయ్యి విప్పి చూశాను. అయిదు గోళ్లూ నీలం. పొట్ట గబగబా ఎగిసిపడుతోంది, ఏడుపు మాత్రం లేదు.

"పొద్దటి సంది ఏడ్వలే సారూ, నిమ్మలంగ పన్నది," అంది తల్లి. "మీ పుణ్యమాని నా బిడ్డ దక్కింది."

వాకిట్లో బూట్ల చప్పుడయింది. దశరథం నా జీపు చూసి వెంటే వచ్చినట్టున్నాడు. పిల్లను చూశాడు. నా సీలు ఉన్న డబ్బాను చూశాడు. నా జవానును చూశాడు. అతడి గొంతులో ఎగతాళి లేదు.

"జానమ్మ నిన్నటి సంది హవాలాత్‌ల ఉన్నది గద బాలస్వామీ. అంటే ఆమె చెయ్యలే."

నిన్న నేను కోరుకున్న రుజువు సరిగ్గా అదే. దాన్ని ఒక నలభై రోజుల పిల్ల ఒంటి మీద రాసి నా చేతికిచ్చారు. ఆ నీళ్లు ఎవరో తాగించలేదు. నేను తాగించాను, గంటలు చూసి మరీ తాగించాను.

"నందికొండ దవాఖానకు పోవాలె. లే అమ్మా, జల్ది," అన్నాను. దశరథం జీపు ముందు సీట్లో కూర్చుని ఇంజను తిప్పాడు. నేను యాదలక్ష్మిని పట్టుకుని వెనక సీట్లోకి ఎక్కించి పక్కన కూర్చున్నాను. పన్నెండు మైళ్లు. దశరథం ఎంత తోలినా ముప్పావు గంట.

జీపు కదలబోతుంటే యాదలక్ష్మి "ఆగుర్రి, ఆగుర్రి" అని కేకేసింది. మల్లన్న లోపలి నుంచి మూత పెట్టిన గిలాస ఒకటి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆమె దాన్ని అందుకుని నా చేతిలో పెట్టింది.

"రాత్రికి మేలుకుంటే తాపనీకి గిది గూడ కలిపి పెట్టిన సారూ. మీరు చెప్పినట్టు బాగ మరగబెట్టిన నీళ్లే. జర ఒలకకుంట పట్టుకోర్రి."